‘సి’ నొక్కితే కట్ ఎందుకు పడలేదు? వీడియో ఎడిటింగ్ షార్ట్‌కట్ల లెక్క

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే యూనిట్లు చాలాకాలం ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నాయి. ఇప్పుడు అదే గదిలో ఒక సిస్టమ్‌లో ఎడియస్, పక్కదాంట్లో ప్రీమియర్ ప్రో, కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లో డావిన్చీ రిజాల్వ్ కనిపిస్తున్నాయి. ఎడియస్‌లో చెయ్యి తిరిగిన మనిషి ప్రీమియర్ ముందు కూర్చుని అలవాటు కొద్దీ ‘సి’ నొక్కుతాడు. కట్ పడదు. మౌస్ బాణం బ్లేడు గుర్తుగా మారుతుంది, అంతే. అక్కణ్నించి రిజాల్వ్‌కి వెళ్లి ఒక క్లిప్పు తీసేద్దామని ‘డిలీట్’ నొక్కుతాడు. దాని తర్వాతి క్లిప్పులన్నీ ఆ ఖాళీలోకి జరిగిపోతాయి, పాటకు కుదిర్చిన కట్లన్నీ చెదిరిపోతాయి. ‘ఈ కీల గోల మనకెందుకు, మౌసే నయం’ అని చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే.

కీబోర్డు షార్ట్‌కట్లతో పని వేగంగా అవుతుందనేది నిజమే. ఏ పనిలో ఎంత వేగం వస్తుంది, కీ పలకనప్పుడు లోపల ఏం జరుగుతోంది అన్నవి తెలియకుండా పట్టిక బట్టీ పడితే మాత్రం ఆ వేగం చేతికి రాదు.

## పనిముట్టు పట్టుకోవడం వేరు, పని చేయడం వేరు

దర్జీ కత్తెర చేతిలోకి తీసుకోవడం ఒక పని, గుడ్డ కత్తిరించడం ఇంకో పని. షార్ట్‌కట్లలోనూ ఈ రెండు రకాలున్నాయి. ప్రీమియర్‌లో ‘సి’ రేజర్ టూల్‌ని చేతికిస్తుంది. కట్ పడాలంటే మౌస్‌తో క్లిప్పు మీద క్లిక్ చేయాలి. పని అయ్యాక ‘వి’ నొక్కి మామూలు బాణానికి తిరిగి రావాలి. ‘కంట్రోల్+కె’ అలా కాదు, ప్లేహెడ్ (క్లిప్పులు వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద, ఇప్పుడు చూస్తున్న చోటు చూపే నిలువు గీత) ఎక్కడుంటే అక్కడ నేరుగా కట్ పడుతుంది. ఎడియస్‌లో ‘సి’ ఈ రెండో రకానిది. అక్షరం ఒకటే, దాని జాతి వేరు.

రిజాల్వ్‌లో బ్లేడు పట్టుకోవడానికి ‘బి’, బాణానికి తిరిగి రావడానికి ‘ఎ’, ప్లేహెడ్ దగ్గర నేరుగా కట్‌కి ‘కంట్రోల్+బి’. ప్రీమియర్‌లో ‘బి’ నొక్కితే రిపుల్ ఎడిట్ టూల్ వస్తుంది. అది చేతిలో ఉండగా క్లిప్పు అంచు లాగితే తర్వాతి క్లిప్పులన్నీ కలిసి జరుగుతాయి. ‘ఎన్’ కూడా ఇలాంటిదే. రిజాల్వ్‌లో అది స్నాపింగ్, అంటే క్లిప్పులు అంచుకు అంచు అతుక్కునే సౌకర్యం. ప్రీమియర్‌లో స్నాపింగ్‌కి ‘ఎస్’ ఉంది, ‘ఎన్’ నొక్కితే రోలింగ్ ఎడిట్ టూల్ వస్తుంది. ఆ సంగతి తెలియక అంచు లాగితే ఒక క్లిప్పు పెరుగుతుంది, పక్కది అంతే తరుగుతుంది. మొత్తం నిడివి మారదు కాబట్టి తప్పు జరిగినట్టు వెంటనే కంటికి ఆనదు.

తీసివేతలో ఉన్న తేడా వీటన్నిటికంటే ప్రమాదకరం. విండోస్‌లో ప్రీమియర్‌లో ‘డిలీట్’ కొడితే క్లిప్పు పోయి ఖాళీ మిగులుతుంది. ఖాళీ కూడా మూసుకోవాలంటే ‘షిఫ్ట్+డిలీట్’. రిజాల్వ్‌లో ఖాళీ మిగిల్చేది ‘బ్యాక్‌స్పేస్’, ఖాళీ మూసేది ‘డిలీట్’. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రీమియర్‌లో అలవాటైన ‘షిఫ్ట్+డిలీట్’ని, ఫుటేజ్ ఫోల్డర్ ముందుకొచ్చి ఉన్నప్పుడు ఆదమరచి కొట్టి, వచ్చిన ప్రశ్నకు ఎంటర్ నొక్కితే ఆ ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి పోవు, శాశ్వతంగా పోతాయి. పెళ్లికి రీటేక్ లేదు. కార్డులోంచి కాపీ చేసిన ఫుటేజ్‌కి రెండో డిస్కులో ఇంకో కాపీ ఉండాలని అనేది ఇలాంటి క్షణాల కోసమే.

## జె, కె, ఎల్: అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒప్పుకున్న మూడు కీలు

ఇన్ని తేడాల మధ్య ఒక్క చోట మాత్రం ఎడియస్, ప్రీమియర్, రిజాల్వ్, ఫైనల్ కట్, ఎవిడ్ అన్నీ ఏకాభిప్రాయంతో ఉన్నాయి. ‘ఎల్’ ముందుకు, ‘జె’ వెనక్కి, ‘కె’ ఆపడానికి. ‘ఎల్’ని మళ్లీ నొక్కితే వేగం పెరుగుతుంది. ఎన్నిసార్లు నొక్కితే ఎంత పెరుగుతుందన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో తీరు. ‘కె’ని నొక్కి పట్టి ‘ఎల్’ కూడా పట్టుకుంటే నెమ్మదిగా నడుస్తుంది. ‘కె’ పట్టుకునే ‘ఎల్’ని ఒక్కసారి తడితే ఒక్క ఫ్రేము కదులుతుంది.

తాళి కట్టే ఘట్టం తీసుకోండి. గట్టిమేళం మొదలయ్యే సరికి వరుడి చేతులు వధువు మెడ వెనక ఉంటాయి, మూడో ముడి పడగానే అక్షింతలు లేస్తాయి. కట్ ఆ అక్షింతలు గాల్లోకి లేచిన ఫ్రేము మీదే పడాలి. టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ప్లేహెడ్‌ని మౌస్‌తో లాగితే, టైమ్‌లైన్ దూరంగా జూమ్ అయి ఉన్నప్పుడు ఒక పిక్సెల్ కదలికలోనే కొన్ని సెకన్లు దాటిపోతాయి. ‘ఎల్’తో వచ్చి, మేళం మారగానే ‘కె’ కొట్టి, అక్కణ్నించి ‘కె’ పట్టుకుని ‘ఎల్’ని తడుతూ వెళ్తే జూమ్ ముట్టుకోకుండానే ఆ ఫ్రేము దొరుకుతుంది. బాణం కీలూ ఒక్కో ఫ్రేమే కదుపుతాయి. షిఫ్ట్ కలిపితే ప్రీమియర్‌లో 5 ఫ్రేములు, రిజాల్వ్‌లో ఒక సెకను. పై, కింది బాణాలు ఒక కట్ నుంచి ఇంకో కట్‌కి దూకిస్తాయి.

## క్యూ, డబ్ల్యూ: ఒక రైతు ఇంటర్వ్యూతో లెక్క

అనంతపురం జిల్లాలో వేరుశనగ రైతుతో తీసిన 24 నిమిషాల ఇంటర్వ్యూని 6 నిమిషాలకు తేవాలనుకుందాం. అందులో తడబాట్లు, మధ్యలో ట్రాక్టర్ చప్పుడు, చెప్పిందే చెప్పిన మాటలు కలిపి 60 చోట్ల ముక్కలు తీసేయాలి.

రేజర్‌తో చేస్తే ‘సి’ నొక్కి, ముక్క మొదట్లో క్లిక్, చివర క్లిక్, ‘వి’ నొక్కి, ముక్క మీద క్లిక్, డిలీట్, మిగిలిన ఖాళీ మీద రైట్ క్లిక్ చేసి రిపుల్ డిలీట్. ఇవన్నీ కలిపి 11 సెకన్లు అనుకోండి.

ప్రీమియర్‌లో రెండో దారి ఉంది. మంచి వాక్యం ముగిసిన చోట ‘కంట్రోల్+కె’. తర్వాతి మంచి వాక్యం మొదలయ్యేదాకా ‘ఎల్’తో విని, అక్కడ ‘క్యూ’. ‘క్యూ’ అంటే వెనకున్న కట్ నుంచి ప్లేహెడ్ దాకా తీసేసి ఖాళీ మూసేయమని. ‘డబ్ల్యూ’ దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. ప్లేహెడ్ నుంచి ముందున్న కట్ దాకా తీసేస్తుంది. ఇలా చేస్తే ఒక్కో ముక్కకు చేతిపని 2 సెకన్లు. ముక్కకు 9 చొప్పున 60 ముక్కలకు 540 సెకన్లు, అంటే 9 నిమిషాలు మిగిలాయి. రిజాల్వ్‌లో ఈ రెండు పనులకూ ‘కంట్రోల్+షిఫ్ట్’తో కలిపి ఎడమ, కుడి చదరపు బ్రాకెట్లు నొక్కాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా ఈ ఉదాహరణలోనే చూడొచ్చు. ఇంటర్వ్యూ అంతా ఒకే పొడుగాటి క్లిప్పు. 6వ నిమిషం దగ్గర ఒక చిన్న ముక్క తీద్దామని ‘డబ్ల్యూ’ కొడితే ముందు ఎక్కడా కట్ లేదు కాబట్టి మిగిలిన 18 నిమిషాలూ ఒక్కసారిగా మాయమవుతాయి. ‘కంట్రోల్+కె’ కొట్టడం మరచిపోయి ‘క్యూ’ నొక్కితే చెత్తతో పాటు, దాని ముందు దాచుకున్న మంచి మాటలూ పోతాయి. ‘కంట్రోల్+జెడ్’తో వెంటనే వెనక్కి తెచ్చుకోవచ్చు. పోయిందని గమనించకుండా ఇంకో పావుగంట పని చేస్తేనే కష్టం. అందుకే ‘క్యూ’ కొట్టిన ప్రతిసారీ రెండు సెకన్లు వెనక్కి వెళ్లి అతుకు వినడం అనుభవజ్ఞుల అలవాటు. మాట మధ్యలో తెగిందా, ఊపిరి సగంలో ఆగిందా అనేది కూడా అప్పుడే తెలుస్తుంది.

కింద పాట వేసి ఉంటే మరో చిక్కు. రిపుల్ అంటేనే అన్నీ జరగడం. పాట ట్రాక్‌కి, అంటే టైమ్‌లైన్‌లో పాట ఉన్న వరుసకి తాళం వేస్తే పాట కదలదు, సరే. కానీ పైన ఉన్న దృశ్యాలు ఎడమకు జరుగుతాయి, దరువు మీద కూర్చోబెట్టిన కట్లు దరువు తప్పుతాయి. కాబట్టి ‘క్యూ’, ‘డబ్ల్యూ’లు మాటల వీడియోలకూ, పాట వేయకముందు చేసే కోతకూ బాగా పనికొస్తాయి. పాట మీద కట్టిన హైలైట్స్‌లో అవి వాడటం దాదాపు ఎప్పుడూ నష్టమే.

## పెళ్లి వీడియోలో మిగిలే గంటలు ఎక్కడివి?

ఇంకాస్త పెద్ద లెక్క చూద్దాం. ట్రెడిషనల్ వీడియో కోసం 1,200 క్లిప్పులు, సగటున ఒక్కోటి 20 సెకన్లు అనుకుంటే మొత్తం ఫుటేజ్ 24,000 సెకన్లు, అంటే 6 గంటల 40 నిమిషాలు. ప్రతి క్లిప్పుకీ మొదలు, చివర కత్తిరించాలి కాబట్టి 2,400 కోతలు. మౌస్‌తో అంచు లాగడానికి 4 సెకన్లు, కీతో 1 సెకను అనుకుంటే కోతకు 3 సెకన్లు మిగిలి మొత్తం 7,200 సెకన్లు, అంటే 2 గంటలు.

అదే ఫుటేజ్‌ని ‘ఎల్’ వేగం పెంచి రెట్టింపు వేగంతో చూస్తే 3 గంటల 20 నిమిషాలు మిగులుతాయి. కోత కీలు ఇచ్చినదానికంటే చూపు కీ ఇచ్చింది ఎక్కువ. షార్ట్‌కట్లు అనగానే అందరూ కట్‌ల గురించే మాట్లాడతారు. మంటపంలో పూజ, భోజనాల బంతులు, బంధువులు వేదికెక్కి దిగడం లాంటి చోట్ల అసలు సమయం తినేది చూడటమే.

అలాగని అంతా రెట్టింపు వేగంలో చూడలేం. అప్పగింతల్లో తల్లి ముఖం మారే క్షణం, తలంబ్రాల్లో నవ్వు, ఇవి మామూలు వేగంలోనే దొరుకుతాయి. పాట ఎంపిక, రంగులు సరిచేయడం, ఎక్స్‌పోర్ట్, పెళ్లివారు చెప్పే మార్పులు, వీటి సమయాన్ని ఏ కీ కూడా తగ్గించదు.

## కీ పలకకపోవడానికి అసలు కారణాలు

‘షార్ట్‌కట్ పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో సాఫ్ట్‌వేర్ చెడిపోయినవి తక్కువ. మొదటి కారణం ఏ ప్యానెల్ మేలుకొని ఉందన్నది. ప్రీమియర్‌లో పనిలో ఉన్న ప్యానెల్ చుట్టూ నీలి గీత ఉంటుంది. ఎఫెక్టుల్లో ఏదో సరిచేసి, నీలి గీత అక్కడే ఉండగా కీ కొడితే ఆ ఆజ్ఞ టైమ్‌లైన్‌కి చేరదు. టైమ్‌లైన్ నడుస్తుందనుకుని స్పేస్ కొడితే సోర్స్ మానిటర్‌లో (టైమ్‌లైన్‌లోకి తెచ్చే ముందు క్లిప్పు చూసుకునే కిటికీ) ఇంకేదో క్లిప్పు ఆడేది కూడా ఇందుకే. ‘షిఫ్ట్+3’ నొక్కితే టైమ్‌లైన్ మేలుకుంటుంది.

రెండోది ట్రాక్ ఎంపిక. టైమ్‌లైన్ ఎడమ అంచున వి1, వి2 (వీడియో), ఎ1, ఎ2 (ఆడియో) గుర్తులు రెండు వరుసల్లో ఉంటాయి. ఒక వరుస, సోర్స్ నుంచి వచ్చే క్లిప్పు ఏ ట్రాక్‌లో పడాలో చెప్పేది. రెండోది, కీలు ఏ ట్రాకుల మీద పనిచేయాలో చెప్పేది. ఈ రెండో వరుసలో వెలిగి ఉన్న ట్రాకుల్లోనే ‘కంట్రోల్+కె’ కట్ వేస్తుంది, పై కింది బాణాలు వాటి కట్ల దగ్గరే ఆగుతాయి. అన్ని ట్రాకులనూ కోయాలంటే ‘కంట్రోల్+షిఫ్ట్+కె’. వీడియో తెగి, వి2లో ఉన్న పేర్ల పట్టీ తెగలేదంటే తప్పు కీది కాదు, వెలగని ఆ గుర్తుది.

మూడోది మన భాష తెచ్చే చిక్కు, దీని గురించి ఇంగ్లిష్ పాఠాల్లో కనబడదు. టైటిల్‌లో తెలుగు టైప్ చేసి, కీబోర్డు భాషను తిరిగి ఇంగ్లిష్‌కి మార్చకపోతే ఒంటి అక్షరాల షార్ట్‌కట్లు చాలాసార్లు పలకవు. విండోస్ కీతో స్పేస్ నొక్కి భాష మార్చాలి. అను ఫాంట్లతో పనిచేసేచోట దాని టైపింగ్ ఆన్‌లో ఉంటే, నొక్కిన కీని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కంటే ముందు అదే అందుకుంటుంది. ఇంకొకటి, టైటిల్ పెట్టెలో కర్సర్ మెరుస్తుండగా బాణం కోసం ‘వి’ కొడితే టూల్ మారదు. ఆ అక్షరం వధువు పేరు చివర పడి కూర్చుంటుంది. ముందు ‘ఎస్కేప్’ నొక్కి పెట్టెలోంచి బయటికి రావాలి. పేరు పక్కన అనవసరపు ఇంగ్లిష్ అక్షరంతో రిసెప్షన్ ఎల్‌ఈడీ తెర మీద వీడియో ఆడితే దాన్ని సరిచేసే వేళ ఉండదు.

ల్యాప్‌టాప్‌లో ఎఫ్ వరుస కీలదీ ఇదే సంగతి. రిజాల్వ్‌లో సోర్స్ క్లిప్పుని మధ్యలో చొప్పించడానికి ఎఫ్9, ఉన్నదాని మీద పరచడానికి ఎఫ్10, పై ట్రాక్‌లో పెట్టడానికి ఎఫ్12. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కీలు ముందు సౌండుకో వెలుతురుకో పనిచేస్తాయి, ఎఫ్ఎన్ కలిపితేనే అసలు పని. చాలా మోడళ్లలో ‘ఎఫ్ఎన్+ఎస్కేప్’తో ఈ వరస మారిపోతుంది.

## జె కొడితే ఎందుకు తడబడుతుంది?

‘ఎల్’ సాఫీగా నడిచి ‘జె’ మాత్రం ఆగి ఆగి వెళ్తోందంటే తప్పు కీబోర్డుది కాదు, ఫైలుది. ఫోన్లు, డ్రోన్లు, చాలా కెమెరాలు హెచ్.264, హెచ్.265 రకంగా రికార్డు చేస్తాయి. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అక్కడక్కడ ఒక పూర్తి బొమ్మ, మధ్యలో మారినంత మేరకే. వెనక్కి నడపాలంటే కంప్యూటర్ ప్రతిసారీ ఇంకా వెనకున్న పూర్తి బొమ్మ దాకా వెళ్లి, అక్కణ్నించి లెక్క కట్టుకుంటూ రావాలి. గండికోట లోయ మీద తీసిన 4కె డ్రోన్ క్లిప్పు పాత ల్యాప్‌టాప్‌లో ‘జె’కి మొరాయించేది ఇందుకే. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ రకాల్లో ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తిగా ఉంటుంది. వాటిలో చిన్న సైజు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకళ్లు చేసుకుంటే ‘జె’ కూడా ‘ఎల్’ లాగే పరుగెడుతుంది. ఫైళ్లు డిస్కులో ఎక్కువ చోటు తీసుకుంటాయి, ప్రాక్సీలు తయారవడానికి వేళ పడుతుంది. అయినా రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి అయ్యే పని అది.

మరో గందరగోళం: జె కట్, ఎల్ కట్ అనేవాటికీ ఈ కీలకూ ఏ సంబంధమూ లేదు. తర్వాతి దృశ్యం శబ్దం ముందే వినిపిస్తే జె కట్, పాత దృశ్యం శబ్దం కొత్త బొమ్మ మీదికి కొనసాగితే ఎల్ కట్. టైమ్‌లైన్‌లో క్లిప్పుల ఆకారాన్ని బట్టి వచ్చిన పేర్లవి.

## దేవరగట్టు రాత్రి, మూడు కెమెరాలు

కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ మూర్తుల కోసం కర్రలతో తలపడే బన్ని ఉత్సవాన్ని మూడు కెమెరాలతో తీశారనుకుందాం. చీకటి, దివిటీలు, తోపులాట. శబ్దం ఆధారంగా మూడింటినీ ఒకే వరుసలో కలిపి మల్టీకెమెరా క్లిప్పు చేశాక ప్రీమియర్‌లో వీడియో నడుస్తుండగా 1, 2, 3 నొక్కితే నొక్కిన చోటల్లా ఆ కెమెరాకు కట్ పడుతుంది. ఇక్కడ మౌస్ కీబోర్డుకి దరిదాపుల్లోకి కూడా రాలేదు. కర్ర లేచిన క్షణానికి వేలు స్పందించినంత త్వరగా బాణం స్పందించదు.

ఆపి ఉన్నప్పుడు మాత్రం అదే అంకె కొత్త కట్ వేయదు, ఆ ముక్క మొత్తానికీ కెమెరా మారుస్తుంది. ఆపి కట్ వేయాలంటే కంట్రోల్ కలపాలి. అంకెలు అక్షరాల పైనున్న వరుసలోవి కావాలి. కుడివైపు నంబర్‌ప్యాడ్‌లో నొక్కితే సాఫ్ట్‌వేర్ దాన్ని టైమ్‌కోడ్, అంటే ప్లేహెడ్ వెళ్లాల్సిన సమయం అనుకుంటుంది. వేలు ఎప్పుడూ కొద్దిగా ఆలస్యమే కాబట్టి, అంతా అయ్యాక రోలింగ్ టూల్‌తో ఒక్కో కట్‌నీ కొన్ని ఫ్రేములు వెనక్కి, అంటే ఎడమకు జరపడం మామూలు.

## ఉన్న కీలే వాడాలా, మన కీలు మనం పెట్టుకోవాలా?

దీని మీద ఎడిటర్లలో నిజమైన అభిప్రాయభేదం ఉంది. ఉన్నవాటినే వాడాలనేవారి వాదన సులువైనది: రేపు ఇంకో స్టూడియోలో, ఇంకొకరి సిస్టమ్ ముందు కూర్చుంటే చెయ్యి తడబడకూడదు. పాఠాలూ, వీడియోలూ చెప్పేవి కూడా మొదట్నించీ ఉన్న కీలే. ఒకే సిస్టమ్‌లో పగలు ఒకరు, రాత్రి ఒకరు కూర్చునే మిక్సింగ్ యూనిట్లలో ఈ వాదనకు బలం ఎక్కువ.

మార్చుకోవాలనేవారు చెయ్యి వైపు నుంచి ఆలోచిస్తారు. జె, కె, ఎల్ కుడిచేతి కింద ఉంటాయి, మౌసూ కుడిచేతిలోనే ఉంటుంది. ప్రతిసారీ చెయ్యి అటూ ఇటూ ప్రయాణించాలి. అందుకని ఆ మూడింటినీ ఎస్, డి, ఎఫ్ మీదికి తెచ్చుకుని, కట్, రిపుల్ కీలను వాటి చుట్టూ పేర్చుకుంటారు. రోజుకు పది గంటలు ఒకే కుర్చీలో కూర్చునేవాళ్ల మణికట్టుకి ఇది నిజంగా మేలు. నష్టమేమిటంటే ఎస్, డి, ఎఫ్‌లలో ముందున్న పనులు చోటు కోల్పోతాయి, వాటికీ వేరే చోటు వెతకాలి.

మధ్యేమార్గం కూడా ఉంది. రిజాల్వ్‌లో ‘కంట్రోల్+ఆల్ట్+కె’ తెరిస్తే ప్రీమియర్, ఫైనల్ కట్, ఎవిడ్ తరహా కీల అమరికలు సిద్ధంగా ఉంటాయి. ప్రీమియర్ చేతివాటం ఉన్నవారు ఆ అమరిక ఎంచుకుంటే మొదటివారం గందరగోళం చాలావరకు తగ్గుతుంది. ప్రీమియర్‌లోనూ కీల కిటికీ ఇదే షార్ట్‌కట్‌తో తెరుచుకుంటుంది. అందులో రంగులతో కీబోర్డు బొమ్మ కనిపిస్తుంది, ఏ కీ ఖాళీగా ఉందో చూసి మన పని అక్కడ పెట్టుకోవచ్చు.

ఇలా మార్చిన కీలన్నీ ప్రీమియర్ ఒక చిన్న ఫైలులో దాస్తుంది. దాని పేరు చివర ‘కేవైఎస్’ అని ఉంటుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో అడోబీ, ప్రీమియర్ ప్రో, వెర్షన్ సంఖ్య, ప్రొఫైల్ ఫోల్డర్ల లోపల అది ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో ఇంకో సిస్టమ్‌లో అదే చోట పెట్టి, కీల కిటికీలో ఆ పేరు ఎంచుకుంటే అక్కడ కూడా మన కీబోర్డే. పని ముగించి లేచేటప్పుడు మళ్లీ పాత అమరికకు మార్చి వెళ్లాలి. లేదంటే పొద్దున ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు ‘సి’ నొక్కితే ఏమవుతుందో తెలియదు.